కర్నల్ సాబ్ షరతులు

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి సరోజిని మౌంట్ ఆల్బర్ట్‌లో హార్కోర్ట్ గారింటి ముందు కారాపి, సంచీ భుజాన వేసుకుని, తాళం తీసి తలుపు తోస్తే అది రెండంగుళాలు కదిలి ఆగిపోయింది. మళ్ళీ తోసింది. లోపల డైనింగ్ టేబుల్ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. సందులోంచి చూస్తే టేబుల్ మీద కుర్చీలు, కుర్చీల మీద పుస్తకాల అట్టపెట్టెలు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి, చెంచా పట్టుకుంటే చెయ్యి వణికే మనిషి, ఇదంతా ఒంటిచేత్తో ఎలా జరిపారో ఆ దేవుడికే తెలియాలి.

"ఎవరక్కడ? రాజు మనిషివా, పార్లమెంటు మనిషివా?" అని లోపల్నుంచి కేక.

"సరోజినిని. మీ మందులు తెచ్చాను," అంది ఇంగ్లీషులోనే.

"మందులు కిటికీ గట్టు మీద పెట్టు. మనిషికి ప్రవేశం లేదు."

ఇంకొకరైతే ఫక్కున నవ్వేవాళ్ళు, కాదంటే కంగారుపడి ఎవరికో ఫోన్ చేసేవాళ్ళు. సరోజినికి నవ్వూ రాలేదు, కంగారూ రాలేదు. పద్నాలుగు నెలలుగా ఆమెకి ఏదీ రావడం లేదు. భర్త నర్సింహ పోయినప్పట్నుంచీ ఇదే వరస. కూరలో ఉప్పు ఎక్కువైందని కూతురు వర్షిణి చెబితేగానీ తెలియదు. వేడినీళ్ళు చేతి మీద ఒలికితే ఎర్రబడ్డాక చూసుకునేది. ఏడుపైతే అసలు రాలేదు. ఆమె ఉండే హెండర్సన్‌లో మనవాళ్ళంతా "పాపం, గుండె రాయి చేసుకుంది" అన్నారు. ఆమె ఏమీ చేసుకోలేదు. దానంతటదే అయిపోయింది.

హార్కోర్ట్ గారి సంగతి చెప్పాలి. ఆయన నలభై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పారు. రిటైరయ్యాక ఇరవై ఏళ్ళు ఒకే ఒక్క మనిషి గురించి రాస్తూ కూర్చున్నారు. ఆ మనిషి కర్నల్ ఆంబ్రోస్ డెయిన్. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండ్‌లో రాజుకీ పార్లమెంటుకీ పడక, దేశం రెండు ముక్కలై, సొంత అన్నదమ్ములే ఒకరినొకరు నరుక్కున్న రోజుల్లో డెయిన్ రాజు పక్షాన నిలబడ్డాడు. తొంభైమందిని పెట్టుకుని ఒక రాతి ఇంటిని పదకొండు వారాలు కాపాడాడు. తిండి అయిపోయాక గుర్రాల్ని తిన్నారు, గుర్రాలయ్యాక ఎలుకల్ని తిన్నారు. చివరికి షరతుల మీద లొంగిపోయాడు. ప్రాణాలకి హామీ అని అవతలి సేనాపతి బైబిల్ మీద చెయ్యేసి చెప్పాడు. చెప్పినవాడే అందర్నీ ధాన్యపు కొట్టులోకి తోయించి, బయట గడియ పెట్టించాడు. మూడో రోజు పొద్దున డెయిన్‌ని గోడకి నిలబెట్టి కాల్చేశారు. ఇదీ కథ. ఆరువందల పేజీలు రాసినా దాన్ని అచ్చువేసే నాథుడు మాత్రం దొరకలేదు.

కళ్ళు మసకబారాక ఆ ఆరువందల పేజీలూ ఆయనకి చదివి వినిపించింది సరోజినే, రోజుకి గంట చొప్పున, హన్మకొండలో డిగ్రీ చదివిన ఇంగ్లీషుతో. ఆమెని పనికి పంపే కేర్ ఏజెన్సీ కాగితంలో ఆ గంటని 'కంపానియన్‌షిప్' అని రాశారు. చదవడం అయ్యేలోపు ఆయన బుర్రలో ఏదో గోడ కూలిపోయింది. రాసినవాడెవరో, రాతలో ఉన్నవాడెవరో తేడా తెలియకుండా పోయింది. సరోజిని వాదనకి దిగలేదు. "కర్నల్ సాబ్, స్నానానికి వేళయింది లేవండి," అనేది. సాబ్ అన్న మాట ఆయనకి భలే నచ్చింది. ఠీవిగా లేచి వచ్చేవారు.

ఇప్పుడీ ముట్టడికి కారణం కూతురు క్లేర్. క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటుంది. శుక్రవారం నుంచి నాన్న కేర్ హోమ్‌లో ఉండాలని ఆదివారం ఆయనకే ఫోన్లో చెప్పింది. ఆమెని తిట్టడానికి లేదు. ఫిబ్రవరిలో ఈ పెద్దమనిషి పైజమాతో వెళ్ళి రైలు పట్టాల మీద కూర్చున్నారు. డ్రైవర్ దూరం నుంచే చూసి బ్రేకు వేశాడు కాబట్టి ఈ కథ ఉంది.

సరోజిని వరండా మెట్ల మీద కూర్చుని ఏజెన్సీకి ఫోన్ చేసింది. ఎత్తింది కోఆర్డినేటర్ శ్రీపతి. గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు, పని మాత్రం మన చేతే చేయిస్తాడు.

"సరోజిని గారూ, మీరే ఎలాగోలా నచ్చజెప్పాలండీ. శుక్రవారం పదింటికి ఆయన బయటికి రాకపోతే అంబులెన్స్ వాళ్ళొస్తారు. ఇంజక్షన్ ఇచ్చి, స్ట్రెచర్‌కి బెల్టులేసి తీసుకెళ్తారు. మన చేతుల్లో ఏం లేదండీ."

"నేనొకసారి చూసిన సార్ అట్ల తీస్కపోవుడు," అంది సరోజిని. "ముసలామె. నైటీ మోకాళ్ళ మీదికి పోతే సర్దెటోళ్ళు లేరు. వీధంత చూసింది."

"అందుకేనండీ మిమ్మల్ని అడుగుతోంది."

ఫోన్ పెట్టేసి ఇంటి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక బట్టలుతికే గది తలుపు బార్లా తీసే ఉంది. ముందు టేబుళ్ళూ కుర్చీలూ పేర్చి, వెనక తలుపు మరిచిపోయారు మన సేనాపతిగారు. నాలుగడుగులేస్తే లోపలికి వెళ్ళిపోవచ్చు. గడప దాకా వెళ్ళి ఆగింది. ఇలా దొంగచాటున జొరబడితే ఈరోజుకి పనైపోతుంది, శుక్రవారం మాత్రం స్ట్రెచరే. ఆ తలుపు మెల్లగా దగ్గరికి వేసి, మళ్ళీ ముందుకొచ్చి, పూలమొక్కల మధ్య నిలబడి హాలు కిటికీ తట్టింది.

"కర్నల్ సాబ్, నేను పార్లమెంటు తరఫున వచ్చాను. రాయబారానికి."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత కిటికీ పైకి లేచింది. డ్రెస్సింగ్ గౌను మీద, భుజం నుంచి నడుముకి ఎర్రటి కర్టెన్ గుడ్డ అడ్డంగా కట్టుకుని ఉన్నారు. రాజు పక్షం వాళ్ళ గుర్తు అది. గడ్డం సగమే గీసుకున్నారు.

"బయట ఎంతమంది ఉన్నారు?"

"చాలామంది. ఫిరంగులు కూడా వస్తున్నాయి. శుక్రవారం పదింటికి."

ఆయన తలూపారు. ఇన్నాళ్ళ చదువు ఊరికే పోలేదు, సరోజినికి ఏం అనాలో తెలుసు. ఆయనకీ తెలుసు. అట్టపెట్టెలోంచి ఒక పేజీ లాగి, దాని వెనక పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టారు. గీతలు కొండలెక్కి దిగుతున్నాయి. ఇరవై నిమిషాలు పట్టింది. సరోజిని నిలబడే ఉంది. పక్కన జామలాంటి ఫిజోవా చెట్టు కింద పళ్ళు రాలి కుళ్ళుతున్నాయి, ఆ వాసన వస్తోందని తెలుస్తోంది, బాగుందో బాగాలేదో తెలియడం లేదు.

కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆయన షరతులు చదివారు. డప్పు మోగుతుండగా, జెండా ఎగురుతుండగా బయటికి నడవాలి. ఎవరి ఆయుధం వాళ్ళ దగ్గరే ఉండాలి. నోట్లో తూటా పెట్టుకుని నడవాలి, ఇంకా యుద్ధం చేయగలిగే లొంగిపోతున్నాం అనడానికి అది గుర్తు. ఇంట్లో కాగితాలు ఒక్కటి కూడా తగలబెట్టకూడదు. ఇక్కడిదాకా చదివి ఆగి, ఆఖరిది చూడకుండానే చెప్పారు.

"మమ్మల్ని పెట్టే చోట తలుపుకి బయట గడియ ఉండకూడదు. అది ఒప్పుకోకపోతే ఇక్కడే చస్తాం."

ఆ కేర్ హోమ్‌లో సరోజిని రెండేళ్ళు పనిచేసింది. మతిమరుపు వాళ్ళ విభాగం తలుపు ఆమెకి బాగా తెలుసు. పక్కన గోడకి నంబర్ల ప్యాడ్ ఉంటుంది, నాలుగంకెలు నొక్కితేగానీ తెరుచుకోదు. బయటివాళ్ళకి తెలుసు ఆ అంకెలు, లోపలివాళ్ళకి తెలియవు. గడియకి తాత అది.

"ఒప్పుకున్నట్టే," అంది.

"ఒప్పుకున్నట్టే అంటే చాలదు. ప్రమాణం చెయ్యి."

ఆయన తల కిటికీలోంచి సరిగ్గా ఆమె భుజం ఎత్తుకి వంగి ఉంది. బట్టతల, చుట్టూ నాలుగు తెల్ల వెంట్రుకలు, నడినెత్తిన ఎండ మచ్చ. సరోజిని చెయ్యి దానంతటదే లేచింది. వెళ్ళి ఆ నెత్తి మీద ఆనింది.

"మీ మీద ఒట్టు," అంది తెలుగులో. "తలుపుకి గడియ ఉండదు."

ఆ భాష ఆయనకి తెలియకపోయినా ఆ చెయ్యి అర్థమైంది. కళ్ళు మూసుకున్నారు. "మంచిది," అని కిటికీ దించేశారు.

సరోజిని తన అరచేతిని చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. ఇంకెప్పుడూ చేయకూడదనుకున్న పని అది. మన దగ్గర ఒట్టు మామూలు విషయమా! తప్పితే వేసినవాళ్ళకి ఏమీ కాదు. ఎవరి నెత్తి మీద వేశామో వాళ్ళకి మూడుతుంది. చిన్నప్పుడు ఆ భయానికే ఒట్టేసి, వెంటనే దాన్ని తీసి గట్టు మీద పెట్టేశామని గాల్లో చేతులు తిప్పేవాళ్ళు పిల్లలు. పెద్దయ్యాక ఆ వెసులుబాటు ఎవరికీ లేదు.

నర్సింహ ఆసుపత్రిలో ఉన్నప్పుడు గురువారం మధ్యాహ్నం అడిగాడు. "ఇంటికి పోతం గద సరోజా?" హెండర్సన్‌లో కార్ల బ్యాటరీలూ ఏసీలూ చూసే షాపు ఆయనది. షట్టర్ సగం దించి వచ్చానని ఆయన బెంగ. ఆమె ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టింది. "నీ మీద ఒట్టు. ఐతారం ఇంటికి పోతం," అంది. శనివారం నాలుగింటికి ఆయన పోయాడు. ఒట్టు ఆదివారం దాకా కూడా ఆగలేదు. ఈ మాట సరోజిని ఎవరితోనూ అనలేదు. అంటే "ఛ, అదేం పిచ్చి" అంటారని తెలుసు. పిచ్చో కాదో, తన చెయ్యే ఆయన్ని పంపేసిందని ఆమె లోపల ఖాయం చేసేసుకుంది. అక్కడితో మిగతావన్నీ ఆగిపోయాయి.

ఇప్పుడు అదే చెయ్యి ఇంకో నెత్తి మీద. ఈసారి అబద్ధమని తెలిసి మరీ.

బుధవారం తిండీ మందులూ కిటికీలోంచి అందించి, శ్రీపతికి మళ్ళీ ఫోన్ చేసింది. మామూలు విభాగంలో గది ఇవ్వలేరా అని అడిగింది. "డాక్టర్ల రిపోర్టులో లాక్ ఉన్న యూనిట్టే అని వచ్చిందండీ. పట్టాల మీద కూర్చున్న మనిషి కదా," అన్నాడు. క్లేర్‌కి ఫోన్ చేసింది. అదే మాట అడిగితే క్లేర్ రిపోర్టు తీసి మళ్ళీ చదివింది. తర్వాత, "సరోజినీ, ఆ తలుపు తెరిచి ఉంటే నేను నిద్రపోలేను," అంది. అదీ నిజమే. ఆ తలుపుకి తాళం ఉండడం న్యాయమే, మంచిదే, అవసరమే. ఎటు తిరిగినా సరోజిని ఒట్టు ఒక్కటే అన్యాయం.

శుక్రవారం వర్షిణి ఫార్మసీలో సెలవు పెట్టి తల్లితో వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, ఐదో ఏట వచ్చింది ఈ దేశానికి. బకెట్ బోర్లించి మెడకి చున్నీతో కట్టుకుని, రెండు అప్పడాల కర్రలు పట్టుకుంది. "అమ్మా, ఇది టోటల్లీ మ్యాడ్," అంది, అంటూనే దరువు మొదలుపెట్టింది. క్రైస్ట్‌చర్చ్ నుంచి వచ్చిన క్లేర్, తన తల్లికాలం నాటి తెల్లటి టేబుల్‌క్లాత్‌ని చీపురుకర్రకి కట్టి పట్టుకుంది. ఏడవకూడదని పళ్ళు బిగించుకుంది. చెత్త బిన్ను బయటపెట్టడానికొచ్చిన పక్కింటాయన బిన్ను వదిలేసి అటెన్షన్‌లో నిలబడ్డాడు.

కుర్చీలూ టేబులూ జరిపి కర్నల్ సాబే తలుపు తీశారు. సరోజిని ఆయన నోట్లో తూటాకి బదులు పిప్పరమెంటు పెట్టింది. ఆయుధంగా చేతికర్ర ఇచ్చింది. ఆయన దాన్ని రెండు చేతులా క్లేర్‌కి అందించారు, ఆమెకి ఏం చేయాలో తోచక సరోజిని వైపు చూసింది. "తిరిగిచ్చేయండి. అది మర్యాద," అంది సరోజిని. క్లేర్ ఇచ్చేసింది. అలా డప్పు మోగుతుంటే, జెండా ఎగురుతుంటే, బుగ్గలో తూటాతో కర్నల్ సాబ్ తన కోట విడిచి కారెక్కారు. పది కావడానికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి. అంబులెన్స్ మాటే రాలేదు. శ్రీపతి మెసేజ్ పెట్టాడు, రెండు నమస్కారాలతో.

కేర్ హోమ్ దగ్గరికి వచ్చేసరికి సరోజిని కారు వేగం తగ్గించింది. ఆయన ప్యాడ్ చూస్తారు. చూసి తన వైపు తిరుగుతారు. అప్పుడేం చెప్పాలి? దారిపొడుగునా ఆలోచించినా ఒక్క మాట దొరకలేదు.

తీరా చూస్తే ఆయన ప్యాడ్ వైపు కన్నెత్తి చూడలేదు. దారిలోనే యుద్ధం అయిపోయినట్టుంది. "మంచి హోటలే. టిఫిన్ ఎన్నింటికి?" అన్నారు. నర్సు నాలుగంకెలు నొక్కింది. లోపల చేపల తొట్టి ఉంది, తిన్నగా దాని దగ్గరికి వెళ్ళిపోయారు. తలుపు దానంతటదే మూసుకుంది, టక్కుమంది. క్లేర్ కళ్ళు తుడుచుకుని, "దేవుడి దయ, ఇల్లు వదిలిందే గుర్తు లేదు," అంది.

ఆయనకి గుర్తు లేదు. క్లేర్‌కి అసలు తెలియదు. ఆ షరతు ఈ భూమ్మీద ఒక్క సరోజినికే గుర్తుంది. కారులో కూర్చుని తాళంచెవి పెట్టబోతే మూడుసార్లు తప్పిపోయింది. ఏమిటిది అనుకుంది. కాసేపటికి తెలిసింది, భయం. పద్నాలుగు నెలల తర్వాత లోపలికి వచ్చిన మొదటి ముక్క అదే.

శనివారం ఆమె ఏమీ తినలేదు. ఆదివారం, అంటే మూడో రోజు, పొద్దున ఏడింటికి కేర్ హోమ్‌కి ఫోన్ చేసింది. పుస్తకంలో డెయిన్‌ని గోడకి నిలబెట్టింది మూడో పొద్దునే.

"హార్కోర్ట్ గారు ఎలా ఉన్నారు?"

"ఓట్స్ తింటున్నారు. మీరెవరు?"

"తెలిసినదాన్ని," అని పెట్టేసింది.

వంటింట్లో ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డ తల్లిని వర్షిణి చూసింది. పట్టుకుని అడిగింది. తప్పించుకోలేక సరోజిని మొత్తం చెప్పేసింది, కిటికీ దగ్గర ఒట్టు, ఆసుపత్రిలో ఒట్టు. గోడకి చెప్పినట్టు చెప్పింది, గొంతు ఎక్కడా ఎగుడుదిగుడు కాలేదు.

"అమ్మా, డాడీ హార్ట్ ఫిఫ్టీన్ పర్సెంటే పనిచేస్తుందని డాక్టర్ బుధవారమే చెప్పిండు. నువ్వు గూడ ఉన్నవ్ ఆ రూంల."

"విన్న."

"మరి?"

"విన్నంక గూడ పెట్టిన చెయ్యి. తీయకపోతి."

తెలుగు వర్షిణికి అర్థమవుతుంది గానీ, ఇలాంటివాటికి జవాబు చెప్పేంత రాదు. ఇంగ్లీషులో చెబితే ఇది తల్లికి అందదు. ఊరికే పక్కన నిలబడింది.

సోమవారం ఫోన్ చేసింది. బతికే ఉన్నారు. మంగళవారం బతికే ఉన్నారు. బుధవారం పాటల కార్యక్రమంలో కూర్చుని చప్పట్లు కొట్టారట. నర్సులకి విసుగొచ్చి ఏజెన్సీకి చెప్పారు. "ఆ క్లయింటు మన దగ్గర లేరు కదండీ సరోజిని గారూ, ప్రైవసీ రూల్స్ ఉంటాయి," అని శ్రీపతి మందలించాడు. సరే సార్ అంది. మర్నాడు వర్షిణి ఫోన్‌లోంచి చేసింది.

పదకొండో రోజు కొత్త నర్సు ఎవరో ఎత్తింది. మాటకారి. "ఆయనా? భేషుగ్గా ఉన్నారు. రెండు కిలోలు పెరిగారు కూడా," అంది.

రెండు కిలోలు. ఒట్టు తప్పి పదకొండు రోజులైంది, మనిషి బరువు పెరుగుతున్నాడు. సంతోషించాల్సిన మాట. సరోజినికి సంతోషం రాలేదు సరికదా, కాలికింద నేల ఎవరో లాగుతున్నట్టనిపించింది. ఆ లెక్క ఎక్కడికి పోతోందో ఆమెకి కొంచెం కొంచెం తెలుస్తోంది. తెలియకుండా ఉంటే బాగుండుననిపించింది. చూస్తేగానీ నమ్మను అనుకుంది.

శనివారం మధ్యాహ్నం వర్షిణిని వెంటబెట్టుకుని విజిటర్ల పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వెళ్ళింది. ఆయన కిటికీ పక్క కుర్చీలో కూర్చుని టీలో బిస్కెట్ ముంచుతున్నారు. గడ్డం పూర్తిగా గీసి ఉంది. బుగ్గలు ఎర్రగా, నున్నగా ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న సరోజినిని చాలాసేపు చూశారు.

"నువ్వు పార్లమెంటు మనిషివి కదూ?"

"అవును, కర్నల్ సాబ్."

"షరతులు నిలబెట్టారా?"

అవునంటే పోయేది. వినేది మతి లేని మనిషి, రెండు నిమిషాల్లో మరిచిపోతారు. వర్షిణి కూడా కళ్ళతో అదే చెప్పింది, అవునను అమ్మా అని. సరోజిని వినలేదు.

"లేదు," అంది. "తలుపుకి తాళం ఉంది. నాకు ముందే తెలుసు. తెలిసే మీ నెత్తి మీద చెయ్యి పెట్టాను. మా దగ్గర అది తప్పితే, ఎవరి నెత్తి మీద పెట్టామో వాళ్ళు చనిపోతారు."

ఆయన బిస్కెట్ పక్కన పెట్టారు. విషయం పెద్దదే అన్నట్టు కాసేపు ఆలోచించారు. రెండు చేతులూ లేపి తల తడుముకున్నారు. నడినెత్తి, చెవుల వెనక, మెడ చుట్టూ, ఎక్కడా వదలకుండా, తీరిగ్గా.

"ఇక్కడే ఉందే," అన్నారు. "నాకేమీ కాలేదమ్మాయ్." మళ్ళీ బిస్కెట్ తీసుకుని టీలో ముంచారు.

సరోజిని నోరు తెరిచింది. లోపల్నుంచి ఏదో తన్నుకొచ్చింది, అది ఏడుపని ఆమెకే ముందు తెలియలేదు. ఎక్కడో వేరే గదిలో ఎవరో అరుస్తున్నారనుకుంది. కుర్చీలోంచి జారి నేల మీద కూలబడి, రెండు చేతులతో నేల కొడుతూ ఏడ్చింది. ఆడపిల్లలా కాదు, ఆవులా ఏడ్చింది. పక్క హాల్లో జరుగుతున్న పాటల కార్యక్రమం ఆగిపోయింది. పెద్దాయన ఏమైనా చేశారేమోనని నర్సు పరిగెత్తుకొచ్చింది. ఆయన కప్పు పట్టుకుని బిత్తరపోయి చూస్తున్నారు. "లొంగిపోయింది నేను కదా," అన్నారు నర్సుతో.

వర్షిణి నేల మీద కూర్చుని తల్లిని ఒళ్ళోకి లాక్కుంది. "అమ్మా, ఏమైంది? హి ఈజ్ ఫైన్. మంచిగనే ఉన్నడు గద, చూడు."

"మంచిగనే ఉన్నడు బిడ్డా. ఏం గాలె ఆయనకు. ఒట్టు తప్పిన, ఏం గాలె." ఊపిరందక ఆగింది. "అంటే మీ డాడీ... నా చెయ్యితోటి పోలేదు ఆయన."

"లేదమ్మా. నేను చెప్తనే ఉన్న గద."

"గది గాదు. నేను పంపిన అనుకున్నప్పుడు... తప్పో నేరమో, ఆయన సావుల నాకు గూడ ఒక పని ఉండె. రోజూ మోసుకుంట తిరిగిన. ఇప్పుడు అది గూడ లేదు. నేను చెయ్యి పెట్టినా పోతుండె, పెట్టకున్నా పోతుండె." కూతురి చొక్కా పిడికిట్లో పట్టుకుంది. "ఆయన ఉత్తగనే పోయిండు బిడ్డా."

వర్షిణి తల్లి తల మీద గడ్డం ఆనించింది. ఇంగ్లీషులో చెప్పడానికి చాలా మాటలున్నాయి, ఒక్కటీ వాడలేదు.

"అవునమ్మా," అంది. "ఉత్తగనే పోయిండు."